పిల్లలు గడగడా చదివేస్తున్నారు, అర్థమైందో లేదో ఎలా టెస్ట్ చేయాలి?

చాక్‌పీస్ టీచర్:

అందరికీ నమస్తే అండి. నేను మూడో తరగతికి తెలుగు చెప్తాను. మొన్న యూనిట్ టెస్ట్‌లో ఒక చిన్న పేరా ఇచ్చి కింద 5 ప్రశ్నలు పెట్టా. పేరా నేనే రాసుకున్నా, ఇదిగో ఇలా ఉంటుంది: "వాన పెద్దదైంది. చెట్టుకింద తాత వణుకుతూ నిలబడ్డాడు. లత తన గొడుగు తాతకిచ్చి ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో ఉన్న అమ్మ లతని చూసి గబగబా లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చింది."

30 మందిలో 26 మందికి 5కి 5. అబ్బో అని సంతోషపడిపోయా. మర్నాడు ఎందుకో అనుమానమొచ్చి, అమ్మ తువ్వాలు ఎందుకు తెచ్చిందిరా అని నోటితో అడిగితే క్లాసంతా సైలెంట్, సగంమంది పైకప్పు చూస్తున్నారు, ఒకడు మాత్రం లేచి "స్నానం చేయించడానికి" అన్నాడు. వానలో తడిచింది కాబట్టి తుడవడానికి అని ఒక్కరూ చెప్పలేదండి. లత తడిచింది అని పేరాలో ఎక్కడా లేదు నిజమే, కానీ గొడుగు ఇచ్చేసిందిగా!

మరి 26 మంది ఫుల్ మార్కులు ఎలా తెచ్చుకున్నట్టు? నా పేపర్ తప్పా, నేను చెప్పడం తప్పా? ఎలాంటి టెస్ట్ పెడితే అసలు సంగతి తెలుస్తుందో చెప్పండి ప్లీజ్.

వెనక బెంచీ:

మేడమ్, ముందు ఇది చదవండి: "తొరిక సాయంత్రం గెలమలో పిమ్మెను దాచింది. తెల్లారేసరికి జిబ్బరాలు వచ్చి పిమ్మెను చురగతో కోసుకుపోయాయి."

ఇప్పుడు ప్రశ్నలు. పిమ్మెను ఎవరు దాచారు? ఎక్కడ దాచారు? దేనితో కోశారు? ఎవరు కోసుకుపోయారు? మీకు 4కి 4 వచ్చేస్తాయి. పిమ్మె అంటే ఏంటో మీకూ తెలీదు నాకూ తెలీదు, ఇప్పుడే కూర్చుని పుట్టించా :)

మన పిల్లలు చేసేది ఇదే. ఎక్కడ అంటే "లో" ఉన్న మాట వెతుకు, దేనితో అంటే "తో" ఉన్న మాట వెతుకు, ఎవరికి అంటే "కి". తెలుగులో విభక్తి మాటకే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఈ వెతుకులాట మరీ ఈజీ. మీ 5 ప్రశ్నలూ "లత గొడుగు ఎవరికిచ్చింది" టైపే అయ్యుంటాయి, అవునా? అది కళ్ళకి పరీక్ష, బుర్రకి కాదు.

అలాగని ఆ టైపు ప్రశ్నలు మొత్తం తీసేయక్కర్లేదు. పర్ల్స్ అని నాలుగో తరగతి పిల్లలకి చాలా దేశాల్లో 2001 నుంచి 5 ఏళ్ళకోసారి పెట్టే చదువు పరీక్ష ఉంది, అందులో ప్రశ్నలు 4 రకాలు: పేరాలో ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడం, రాయనిది ఊహించడం, అక్కడక్కడా ఉన్న సంగతులు కలిపి అర్థం తీయడం, రాసిన తీరు మీద తన అభిప్రాయం చెప్పడం. అంటే వెతికి రాసేది నాలుగింట్లో ఒక రకం మాత్రమే, మన పేపర్లలో మాత్రం అదొక్కటే ఉంటోంది. కనీసం ప్రశ్నలో మాటలు పేరాలో మాటలు ఒకటి కాకుండా చూడండి. "వణుకుతూ" అని పేరాలో ఉంటే "తాతకి ఎలా అనిపిస్తోంది" అని అడగండి.

ఇంకోటి, పేపర్ ఇచ్చేముందు పేరా చూపించకుండా ఉత్త ప్రశ్నలే ఇంట్లో ఎవరికైనా ఇచ్చి చూడండి. వాళ్ళు కరెక్ట్‌గా చెప్పేస్తే ఆ ప్రశ్న చెత్తబుట్టలోకే. ఇది నా పైత్యం కాదు, గ్రే ఓరల్ రీడింగ్ టెస్ట్ అని పేరున్న పరీక్షలోనే చాలా ప్రశ్నలకి పేరా చదవకుండా జవాబు చెప్పేయొచ్చని కీనన్, బెట్‌జెమన్ 2006లో చూపించారు.

అక్షరాల అక్క:

పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ ఒకటి మర్చిపోయారు. ఆ నలుగురి సంగతేంటి, ఫుల్ మార్కులు రానివాళ్ళు? నాకైతే 26 కంటే వాళ్ళ గురించే ఆత్రం.

గఫ్, టన్మర్ అని ఇద్దరు 1986లో ఒక సింపుల్ లెక్క చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలు పలకగలగడం ఇంటూ విన్నది అర్థమవడం. ప్లస్ కాదు, ఇంటూ. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. కాబట్టి ఆ నలుగురినీ పక్కన కూర్చోపెట్టుకుని ఇంకో పేరా (అదే లెవెల్‌లో వేరేది) మీరే చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. విని టకటకా చెప్పేస్తే వాళ్ళ ఇబ్బంది ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర. విన్నా చెప్పలేకపోతే మాటలే రావట్లేదని, అప్పుడు ఎన్ని గుణింతాలు దిద్దించినా లాభం లేదు, కబుర్లు కథలు కావాలి. రెండింటికీ మందు వేరు, మార్కు మాత్రం ఒకటే పడుతుంది, అదీ పేపర్ టెస్ట్‌తో వచ్చిన చిక్కు.

నా క్లాసులో ఒక పిల్ల "వ...ర్షం... ప...డు...తుం...ది" అని ఒక్కో అక్షరం తవ్వుకుంటూ చదివేది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివిందో పాపం గుర్తుండేది కాదు. అదే కథ నేను చెప్తే తర్వాత ఏమవుతుందో నాకంటే ముందే చెప్పేసేది!

నిమిషంలో ఎన్ని మాటలు చదివాడు అని కొలిచే పద్ధతి కూడా ఉంది, ఈగ్రా అని చిన్న క్లాసుల పిల్లల చదువు చూసే టెస్ట్‌లో అలాగే చేస్తారు, తర్వాత పిల్లాడు చదివినంతవరకే ప్రశ్నలు అడుగుతారు, ఆ రూలు నాకు భలే నచ్చింది. కానీ దయచేసి ఇంగ్లీష్ లెక్కలు తెచ్చి మన పిల్లల మీద పెట్టకండి. "చెట్టుకిందనుంచి" అని మనం ఒక్క మాటలో అనేది ఇంగ్లీష్‌లో మూడు నాలుగు మాటలు. మనవాళ్ళు నెమ్మదిగా చదువుతున్నట్టు అనిపిస్తుంది గానీ కాదు.

ఇద్దరు పిల్లల నాన్న:

టీచర్లందరూ ఏమీ అనుకోకండి, పేరెంట్‌గా ఒక మాట. మావాడు రెండో క్లాసు, కథ చదివి ఇంట్లో యాక్షన్ చేసి మరీ చూపిస్తాడు, పేపర్‌లో మాత్రం 10కి 4. ఎందుకా అని పేపర్ చూస్తే జవాబులన్నీ కరెక్టే, ఒత్తులు తప్పు రాశాడని కొట్టేశారు. అది చదవడం టెస్టా, రాయడం టెస్టా?

అక్షరాల అక్క:

అన్నయ్యా నూటికి నూరుపాళ్ళు నిజం. చదివి అర్థమైందా అని చూసేటప్పుడు స్పెల్లింగ్‌కి మార్కు కొయ్యకూడదు, చిన్న క్లాసులకైతే నోటితో అడగడమే బెస్ట్. స్పెల్లింగ్‌కి డిక్టేషన్ ఎలాగూ ఉంది.

ఊరికే చదివేవాడు:

నేను టీచర్ని కాదు, ఈ సబ్జెక్టు మీద చదివే పిచ్చి ఉంది అంతే.

పేరా దేని గురించి అనేది కూడా పెద్ద విషయం అండి. 1988లో రెక్ట్, లెస్లీ అని ఇద్దరు 64 మంది పిల్లలకి (7, 8 తరగతుల వాళ్ళు) బేస్‌బాల్ ఆట గురించిన కథ ఇచ్చారు. చదవడంలో వీక్ అని పేరుపడ్డా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివేవాళ్ళే అయినా ఆట తెలీని పిల్లల కంటే బాగా గుర్తుపెట్టుకుని చెప్పారు. కాబట్టి ఒకే పేరాతో వీడు వీక్ వీడు షార్ప్ అని తేల్చేయకూడదు, రెండు మూడు వేరు వేరు విషయాల మీద ఇవ్వాలి.

ఖాళీలు పూరించే పద్ధతి కూడా ఉంది, టేలర్ అనే ఆయన 1953లో మొదలెట్టాడు, లెక్కగా ప్రతి ఐదో మాటో ఆరో మాటో తీసేసి నింపమంటారు. పర్లేదు గానీ చాలా ఖాళీలు ఆ ఒక్క వాక్యం చూసే నింపేయొచ్చు, పేరా మొత్తం పట్టిందా అనేది తెలీదు.

నాకు అన్నిటికంటే నచ్చింది తప్పు పట్టించే టెస్ట్. మార్క్‌మన్ అనే ఆవిడ 1979లో చేసింది: సముద్రం అడుగున వెలుతురు అస్సలు ఉండదు, చీకట్లో చేపలకి ఏమీ కనపడదు అని చెప్పి, కాసేపయ్యాక అక్కడ కొన్ని చేపలు రంగు చూసి తిండి గుర్తుపడతాయి అని చెప్పింది. 6వ తరగతి పిల్లల్లో కూడా చాలామంది అంతా బానే ఉంది అన్నారట! మీ పేరా చివర్లో "లత గొడుగు దులిపి మూలన పెట్టింది" అని కలిపి ఇవ్వండి మేడమ్, ఎవరు నవ్వుతారో చూడండి.

ఇక ఆ "స్నానం చేయించడానికి" అన్నవాడు, నేనైతే వాడిని తప్పు అనను. ఎలా తెలిసిందిరా, ఏ వాక్యం చూసి అన్నావో వేలు పెట్టి చూపించు అని అడిగి చూడండి ముందు.

చాక్‌పీస్ టీచర్:

అందరికీ చాలా చాలా థాంక్స్. వారం తర్వాత రాస్తున్నా. పిమ్మె పేరా స్టాఫ్ రూంలో అందరికీ ఇచ్చా, అందరికీ 4కి 4, నవ్వలేక చచ్చాం.

గొడుగు వాక్యం కలిపి ఇచ్చా. 30 మందిలో 5 మందే పట్టుకున్నారు. ఒకమ్మాయి అయితే "టీచర్ మీరు తప్పు రాశారు" అని భయంభయంగా నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. ఆ అమ్మాయికి యూనిట్ టెస్ట్‌లో 3 మార్కులేనండి! ఆ నలుగురికీ వేరే కథ చదివి వినిపించి అడిగితే ముగ్గురు బ్రహ్మాండంగా చెప్పారు, ఒక్కడు మాత్రం విన్నా చెప్పలేకపోయాడు, వాడితో రోజూ పది నిమిషాలు కథలు మొదలెట్టా.

స్నానం వాడిని వేలు పెట్టమన్నా. "గొడుగు తాతకిచ్చి" మీద పెట్టాడు. తర్వాత ఏమన్నాడంటే "గొడుగు లేదుగా టీచర్, వానలో తడిస్తే మా అమ్మ ముందు స్నానం చేయించి అప్పుడు తుడుస్తుంది". క్లాసంతటిలో వాడొక్కడికే అర్థమైంది, వాడిని నేను ఆ రోజు కూర్చోమన్నా.

ఇప్పుడు నా గోల ఏంటంటే ఇలా ఒక్కొక్కరిని కూర్చోపెట్టి అడగాలంటే 30 మందికి టైం ఎక్కడిది?

వెనక బెంచీ:

రోజుకి ముగ్గురు మేడమ్, మిగతావాళ్ళు కాపీ రాసుకునేటప్పుడు. పది రోజుల్లో రౌండ్ అయిపోతుంది. ఒక్కొక్కరికి మూడే ప్రశ్నలు, మూడోది ఎప్పుడూ "ఎలా తెలిసింది". ఒక నోట్‌బుక్ పెట్టుకుని వాళ్ళ జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, టిక్కులు పెట్టుకుంటే స్నానం వాడు మళ్ళీ జారిపోతాడు.