నెదర్టన్ ఉన్న బాబుకి డుపిలుమాబ్: డోసు, నిల్వ, జాగ్రత్తలు

ప్రశ్న (అమలాపురం)
బాబుకి ఏడేళ్లు, 19 కిలోలు. స్పింక్5 అనే జన్యువు పరీక్షలో నెదర్టన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే అరుదైన చర్మవ్యాధి) అని తేలింది. ఒళ్లంతా ఎరుపు, పొట్టు, రాత్రంతా దురద. డాక్టరుగారు డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు. డోసెంత? కాకినాడ నుంచి తెచ్చుకుని ఇంట్లో ఎలా దాచాలి? ఇంట్లో ఉన్న టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ కూడా రాయొచ్చా అండి?

చర్మవైద్యులు, రాజమండ్రి
టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) మాత్రం రాయకండి. ఈ జబ్బులో చర్మం పైపొర ముందుగానే ఊడిపోతుంది కాబట్టి పూసిన మందు నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అవయవ మార్పిడి రోగులకి వాడే స్థాయిని రక్తంలో దాటిన పిల్లలున్నారు. ఘాటైన స్టెరాయిడ్ క్రీములకీ ఇదే ప్రమాదం.

డుపిలుమాబ్ జన్యువుని బాగుచేయదు. ఐఎల్-4, ఐఎల్-13 అనే, ఒంట్లో మంట పుట్టించే పదార్థాల సంకేతాలని ఆపి మంటని, దురదని తగ్గిస్తుంది. నెదర్టన్‌కి అనుమతి పొందిన మందు కాదు, ఆధారం ఎక్కువగా విడి కేసులే, ఫలితం అందరికీ ఒకేలా లేదు. డోసుని ఎటోపిక్ డెర్మటైటిస్ (దురదతో వచ్చే ఒకరకం తామర) లెక్క నుంచి తీసుకుంటారు: 6 నుంచి 17 ఏళ్ల వయసులో, 15 నుంచి 30 కిలోల లోపు ఉంటే మొదటిరోజు 600 మి.గ్రా. (300వి రెండు, వేర్వేరు చోట్ల), తర్వాత నాలుగు వారాలకోసారి 300. నిర్ణయం మీ డాక్టరుగారిదే. 16 వారాలకీ తేడా లేకపోతే ఆపడం గురించి మాట్లాడండి. వాజిలిన్ లాంటి లేపనం మాత్రం రోజూ ఉండాల్సిందే, ఇంజెక్షన్ వచ్చిందని మానేస్తే మళ్లీ పగులుతుంది.

మొదలుపెట్టకముందే నులిపురుగులుంటే తగ్గించండి. వరి చేల మధ్య చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలైతే మల పరీక్ష చేయించడం మేలు. మిగిలిన లైవ్ టీకాలు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి) కూడా ముందే పూర్తవ్వాలి. కళ్లు ఎర్రబడి గీరుకుంటుంటే వెంటనే చూపించండి, ఈ మందుతో ఎక్కువగా వచ్చే ఇబ్బందుల్లో అదొకటి.

ఫార్మసిస్టు, కాకినాడ
2–8 డిగ్రీలు. ఐస్‌ప్యాకుని సిరంజి పెట్టెకి ఆనించకండి, మధ్యలో గుడ్డ చుట్టండి. గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు, పారేయాల్సిందే. ఫ్రిజ్‌లో మధ్య అరలో, అట్టపెట్టెలోనే ఉంచాలి. తలుపులో వద్దు, ఫ్రీజర్ పక్కన వద్దు.

"బయట 14 రోజులు ఉంచొచ్చు" అన్నది 25 డిగ్రీల లోపు మాట. మే నెలలో మన కోనసీమ ఇళ్లకి అది వర్తించదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, లోపల చిన్న థర్మామీటర్ పెట్టుకోండి.

ఇచ్చే ముందు 300 సిరంజి 45 నిమిషాలు నీడలో బయట ఉంచాలి. వేడినీళ్లలో పెట్టొద్దు, ఊపొద్దు. తొడ లేదా పొట్ట మీద ఇవ్వొచ్చు, బొడ్డు చుట్టూ 5 సెం.మీ. వదిలేసి, పుండ్లు లేని చోట. తర్వాత దూదితో మెల్లగా నొక్కండి, రుద్దకండి. అంటించే ప్లాస్టర్ వేస్తే చర్మం దానితో పాటే ఊడొస్తుంది.

జన్యు సలహాదారు, భీమవరం
ఇంకొకరి జబ్బు చూసి మందు అడగకండి. కార్డ్14 అనే వేరే జన్యువులో మార్పు వల్ల వచ్చే పొలుసుల జబ్బులో ఉస్టెకినుమాబ్ అనే మరో ఇంజెక్షన్ వాడతారు, దానికి ముందు టీబీ పరీక్ష ఉండాలి. మీరు మేనరికమైనా కాకపోయినా, తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండా లోపమున్న జన్యువుని మోసేవాళ్లైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకి నెదర్టన్ వచ్చేందుకు 25 శాతం అవకాశం ఉంది. ఇంకో బిడ్డని అనుకుంటే గర్భం రాకముందే మీ ఇద్దరి రిపోర్టులూ చూపించండి.