తాతయ్య మాసీ 1035కి రోటావేటర్: పిన్ను దూరడం లేదు, షాఫ్ట్ వంగింది

నూజివీడు తోట:

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. ఆరెకరాల మామిడి తోట, చెట్లన్నీ తాతయ్య నాటినవే. ఆయన 1979లో కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ కూడా ఉంది. ఆయన పోయాక పన్నెండేళ్ళు పాకలోనే పడి ఉంది. కోళ్ళు దాని సీటు మీద గుడ్లు పెట్టేవి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చాక పోయినేడు ఇంజన్ విప్పించాను. రింగులు, నాజిల్స్, డీజిల్ ట్యాంకులో తుప్పు, అదంతా వేరే కథ. ఇప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

అసలు బాధేంటంటే బండి మిగిలింది గానీ పనిముట్లు మిగల్లేదు. నాగలి, కల్టివేటర్ అన్నీ నాన్న ఎప్పుడో పాత ఇనుము కింద తోసేశారు. కిరాయికి కొత్త ట్రాక్టర్ పిలిస్తే పైనున్న కప్పు తగిలి కొమ్మలు విరుగుతున్నాయి. మా పాత బండి పొట్టిది, కొమ్మల కింద పిల్లిలా దూరిపోతుంది. అందుకని దీనితోనే దున్నుకోవాలని పట్టుదల.

గత నెల టౌన్‌లో ఒకాయన దగ్గర ఐదడుగుల పాత రోటావేటర్ (బ్లేడులు గిరగిరా తిరిగి మట్టిని గుల్ల చేసే పనిముట్టు) కొన్నాను. ‘ఏ ట్రాక్టర్‌కైనా పడుతుందండీ’ అన్నాడు. ఇంటికి తెచ్చాక చూస్తే కింది పిన్నులు లావు, మా బండి వెనక లిఫ్ట్ చేతుల చివరి గుండ్లలో, అంటే పిన్ను పట్టే రంధ్రాల్లో, దూరడం లేదు. పక్కూరి కుర్రాడి దగ్గర సన్న పిన్నులు తెచ్చి ఎలాగో తగిలించాం. లిఫ్ట్ ఎత్తగానే ‘టక్’ అని శబ్దం, చూస్తే బండి నుంచి రోటావేటర్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం వంగిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

ఇంకో విచిత్రం. అంతకుముందు, షాఫ్ట్ తగిలించకుండా ఖాళీ పీటీఓ (బండి వెనక పనిముట్లని తిప్పే కొస) తిప్పి చూశాం. బండి నిలబడి ఉంటే తిరగదు, కదిలితే తిరుగుతుంది, వెనక్కి పోతే ఉల్టా తిరుగుతుంది! గేర్‌బాక్స్ పోయిందా అని టెన్షన్.

మా బావ గుండ్లని లేత్‌లో బోర్ కొట్టించి పెద్దవి చేయిద్దామంటున్నాడు. చేయించొచ్చా? అసలు ఈ బండికి ఐదడుగుల రోటావేటర్ లాగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రైతుబిడ్డ_ఏలూరు:

అన్నా, ఏమనుకోకు. పాతదాని మీద పెట్టే డబ్బుకి ఇంకాస్త వేసి చిన్న కొత్త బండి తీసుకో. తోటల కోసమే సన్నవి, పొట్టివి వస్తున్నాయి. సెంటిమెంట్‌తో వ్యవసాయం కుదరదు.

పాత మెకానిక్, తెనాలి:

తమ్ముడూ, ముందు బావగారిని లేత్ దగ్గరికి వెళ్ళకుండా ఆపు. ముప్పై ఐదేళ్ళు ఈ బండ్ల కిందే పడుకున్నవాణ్ణి, చెప్పేది విను.

పనిముట్టుని బండికి తగిలించే మూడు పాయింట్ల లింకులో (కింద రెండు చేతులు, పైన టాప్ లింకు) సైజులుంటాయి. నీ బండిది కేటగిరీ ఒకటి. కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. నువ్వు కొన్నది కేటగిరీ రెండు అయ్యుంటుంది, కింద 28, పైన 25. గుండుని 28కి బోర్ కొడితే దాని గోడ పల్చబడుతుంది, బరువు మీద పడ్డ రోజు చీలుతుంది. పైగా రేపు సన్న పిన్నుల కల్టివేటర్ దొరికితే అందులో గలగలలాడుతుంది. మార్చాల్సింది పిన్ను, గుండు కాదు. రోటావేటర్ వైపు 28, బండి వైపు 22 ఉండేలా మెట్టు పిన్ను తీయించు. ఈఎన్8 అనే గట్టి ఉక్కు రాడ్డు అడుగు, మామూలు రాడ్డు వంగుతుంది.

అయితే పిన్ను ఒక్కటే మారిస్తే సరిపోదు. రెండు కింది పిన్నుల మధ్య దూరం కూడా కేటగిరీని బట్టి మారుతుంది. నీ బండికి భుజం నుంచి భుజానికి 683 మిల్లీమీటర్లు ఉండాలి, పెద్దదానికి 825. పెద్ద దూరానికి చేతులు సాగదీసి తగిలిస్తే అవి చెరో పక్కకీ తన్నుకుని టైరుకి రాసుకుంటాయి. చాలా రోటావేటర్లకి కింది బ్రాకెట్లు బోల్టు వదులు చేసి లోపలికి జరుపుకునే వీలుంటుంది. నీదానికి లేకపోతే పిన్నుల్ని బయటి వైపు కాకుండా లోపలి వైపుకి తిప్పి బిగించి చూడు. టేపు పెట్టి కొలువు, కంటితో వద్దు.

పీటీఓ సంగతి. గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు, నవ్వొచ్చింది నాకు. మాసీ 35 రకం బండ్లలో పీటీఓ లివర్‌కి మూడు స్థానాలు. ఒకటి ఇంజన్‌తో తిరిగేది, మధ్యలో న్యూట్రల్, మూడోది చక్రాలతో తిరిగేది. నువ్వు మూడోదాంట్లో పెట్టావు. అందులో బండి ఎటు కదిలితే షాఫ్ట్ అటు తిరుగుతుంది. రోటావేటర్‌కి అది పనికిరాదు. క్లచ్ పూర్తిగా తొక్కి ఇంజన్‌తో తిరిగే వైపుకి మార్చు.

షాఫ్ట్ ఎందుకు వంగిందంటే దాన్ని నీ బండికి తగ్గట్టు కోయలేదు. ఈ తప్పు నూటికి తొంభై మంది చేస్తారు. లోపలి గొట్టం బయటి గొట్టంలోకి జారుతూ పోవాలి. లిఫ్ట్ ఎత్తుతూ దించుతూ ఉంటే ఒకచోట రెండు కొసల మధ్య దూరం బాగా తగ్గుతుంది, అక్కడ లోపలి కొస వెళ్ళి అడుగుకి కొట్టుకుంటే గొట్టమన్నా వంగాలి, పీటీఓ బేరింగన్నా పోవాలి. నీకు గొట్టంతో పోయింది, అదృష్టవంతుడివి. కొత్త గొట్టాలు వేశాక షాఫ్ట్ తగిలించకుండా రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకుని, లిఫ్ట్‌ని పైనుంచి కింది దాకా నడిపి దూరం తక్కువైన చోట గుర్తు పెట్టు. అక్కడ అంగుళం ఖాళీ మిగిలేలా రెండు గొట్టాలనీ సమానంగా కోయి. దూరం ఎక్కువైన చోట కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి గ్రీజు పెట్టు. రెండు కొసల యోకులూ (కీలు పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉండాలి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా బిగించావో, గడగడ వణుకుతుంది.

ఇక లాగుతుందా అన్నావు. కొత్తగా ఉన్నప్పుడు అది 35 గుర్రాల బండి, ఇప్పుడెన్ని మిగిలాయో దేవుడికెరుక. ఎండిపోయిన గరప నేలలో లాగదు. వాన పడ్డాక పదును మీద, లో ఫస్ట్ గేరులో, నాలుగు అంగుళాల లోతుకి లాగుతుంది. మామిడికి అంతకన్నా లోతు అక్కర్లేదు కూడా, పీల్చే వేళ్ళు పైపైనే ఉంటాయి. పీటీఓ 540 చుట్లు తిరగాలంటే ఈ ఇంజన్ 1500 దగ్గర ఉండాలి. బలం చాలట్లేదని 2000కి పెంచావంటే అవతల 720 అవుతుంది, గొలుసు, బేరింగులు దండగ.

చివరిగా ఒకటి, ఇది మాత్రం తిట్టినట్టు తీసుకో. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గొట్టం లేకుండా నడపకు. లుంగీతో, మెడలో తువ్వాలుతో దాని దగ్గరికి వెళ్ళకు. బ్లేడుకి చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజన్ ఆపు. పీటీఓ తీశాను కదా అని కాదు, ఇంజన్ ఆపు.

నీది సింగిల్ క్లచ్చా, డబుల్ క్లచ్చా? పీటీఓ తిరుగుతుండగా పెడల్ సగం తొక్కి చూసి చెప్పు. చక్రం ఆగి పీటీఓ తిరుగుతూ ఉంటే డబుల్.

నూజివీడు తోట:

మాస్టారూ, మీరు ఏ ఊళ్ళో ఉన్నా వచ్చి దండం పెట్టాలి. లివర్ మార్చగానే పీటీఓ గిర్రున తిరిగింది. అరగంట సేపు ఊరికే తిప్పుకుంటూ కూర్చున్నాను, అమ్మ ‘డీజిల్ ఎవడబ్బ సొమ్ము’ అనేదాకా.

పెడల్ తొక్కితే రెండూ ఒకేసారి ఆగుతున్నాయి. సింగిల్ అన్నమాట.

ఏలూరు తమ్ముడికి: సెంటిమెంట్ ఉంది, కాదనను. కానీ ఆరెకరాలకి కొత్త బండి వాయిదాలు నేను కట్టలేను.

పాత మెకానిక్, తెనాలి:

సింగిల్ అయితే ఒక సంగతి. క్లచ్ తొక్కితే బండితో పాటు రోటావేటరూ ఆగుతుంది, లిఫ్ట్ పంపు కూడా ఆగుతుంది. వేరుకో రాయికో తగిలి బిగుసుకుంటే క్లచ్ తొక్కి లిఫ్ట్ లేపుదామనుకుంటావు, లేవదు. కంగారు పడొద్దు. గేరూ పీటీఓ రెండూ న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదులు, అప్పుడు లేస్తుంది. చాలు చివర మలుపులో కూడా ముందు ఎత్తి తర్వాత క్లచ్ తొక్కడం అలవాటు చేసుకో. మరీ పైకి ఎత్తకు, షాఫ్ట్ కీలు గట్టిగా మడత పడితే విరుగుతుంది. లిఫ్ట్ లివర్ పక్కన ఒక బోల్టు బిగించుకో, చెయ్యి అక్కడే ఆగుతుంది.

డాలస్ బాబాయ్:

తెనాలి గారు చెప్పినవాటికి నాదొక తోక. నేను టెక్సస్‌లో ఉంటాను, ఇంటి వెనక నాలుగెకరాలు, ఒక ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 వరకు తయారైన బండి. దీని లిఫ్ట్ పద్ధతి కూడా ఫెర్గూసన్‌దే. దాని మీదే ఫోర్డ్ కంపెనీకీ ఫెర్గూసన్‌కీ కోర్టు గొడవ నడిచి 1952లో రాజీ కుదిరింది. అంటే మీ బండికి మా బండి పెదనాన్న కొడుకు లాంటిది.

మా దాంట్లో పీటీఓ షాఫ్టే సన్నం, అంగుళం ఎనిమిదో వంతు. ఇప్పటి పనిముట్లన్నీ అంగుళం మూడెనిమిదో వంతువి, అంటే 35 మిల్లీమీటర్లు. తొడుగు వేసుకోవాల్సిందే. మీవాటికి ఆ గొడవ ఉండకపోవచ్చు, అయినా షాఫ్ట్ కొస మీది ఆరు గాడులు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడండి.

రేపు మీరు గడ్డి కోసే స్లాషర్ కొంటే మాత్రం జాగ్రత్త. రోటావేటర్ మట్టిలో వెంటనే ఆగిపోతుంది. స్లాషర్ బ్లేడు బరువు, గాల్లో తిరుగుతుంది, క్లచ్ తొక్కినా ఆగక ఆ ఊపుతో గేర్‌బాక్స్‌ని వెనక నుంచి తిప్పుతుంది, బండి ముందుకు పోతుంది. నేను అలాగే కంచెలోకి దూసుకెళ్ళాను. మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ ఆ స్తంభం చూపిస్తుంది. ఒకవైపే తిరిగే కప్లర్ అని దొరుకుతుంది, షాఫ్ట్‌కీ పీటీఓకీ మధ్య వేస్తే ఆ బెడద ఉండదు.

మధిర_పత్తి:

మేం కూడా పాత మాసీతోనే నెట్టుకొస్తున్నాం. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువగా నేనే తోలతాను.

అన్నా, రోటావేటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. మొదటి వానకి కల్టివేటర్ వేస్తే నేల గుల్లవుతుంది, తర్వాత రోటావేటర్ తేలిగ్గా లాగుతుంది. తొమ్మిది కర్రుల చట్రమే కొనండి, ఏడు కర్రులది వెతకొద్దు. అటూ ఇటూ చివరి రెండూ విప్పి మూల పడేస్తే ఏడవుతుంది. నేల మెత్తబడ్డాక మళ్ళీ బిగించుకోవచ్చు. మేం అలాగే చేస్తున్నాం.

కల్టివేటర్ తగిలించేముందు టాప్ లింకు బిగించే బ్రాకెట్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపండి. ఆట ఉండకూడదు. దాని వెనక స్ప్రింగు ఉంటుంది, నేల గట్టిగా లాగినప్పుడు అదే కనిపెట్టి లిఫ్ట్‌ని కాస్త పైకి లేపుతుంది. మా దాంట్లో అది వదులై ఒక సీజనంతా కర్రులు ఒకసారి పాతాళానికి, ఒకసారి ఆకాశానికి. చాళ్ళు చూసి మా అత్త పాము పాకినట్టుందని నవ్వేది.

ఇంకోటి, వెనక చక్రాల మధ్య వెడల్పు కొలిచారా? రోటావేటర్ వెడల్పు టైరు జాడని కప్పకపోతే దున్నిన దాని పక్కనే తొక్కిన గాడి మిగిలిపోతుంది.

పాత సామాన్లకి విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే. ఒక్క రోజులో తేలదు, రెండు రోజులు పెట్టుకోండి. పాత పిన్ను, పాత బుష్ జేబులో వేసుకుని వెళ్ళండి. నోటితో సైజు చెబితే వాళ్ళ దగ్గరున్నదే మీ సైజు అంటారు.

నూజివీడు తోట:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఆటోనగర్‌లో రెండు రోజులు కాదు, మూడు రోజులు తిరిగాను. షాఫ్ట్ గొట్టాలు, ప్లాస్టిక్ తొడుగు దొరికాయి. మెట్టు పిన్నులు అక్కడే లేత్‌లో తీయించాను. బ్రాకెట్లు లోపలికి జరిగాయి, పాతికేళ్ళ తుప్పు, ఒక రాత్రంతా డీజిల్ పోసి ఉంచితే గానీ బోల్టులు వదల్లేదు. టేపు పెట్టి చూస్తే 685 వచ్చింది. మాస్టారూ, ఆ రెండు మిల్లీమీటర్లు ఒప్పుకోండి.

మధిర అక్కా, మీరు చెప్పింది నిజం. తాతయ్య దేనికో చక్రాలు వెడల్పు పెట్టుకున్నారు, రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు జాడ బయటికి వస్తోంది. ఈ బండికి రిమ్ములు తిప్పి బిగిస్తే నాలుగేసి అంగుళాల చొప్పున తగ్గించుకోవచ్చు కదా. టైరు నడిమధ్య నుంచి నడిమధ్యకి 48 అంగుళాలకి దించాం. టైరు వెడల్పు 12 కలిపితే 60, సరిగ్గా ఐదడుగులు. జాడ మాయం. నేల చదును కాబట్టి సరే, గట్లెక్కేటప్పుడు మాత్రం భయంగా ఉంటోంది. ముందు భాగం లేస్తోందని బంపర్ మీద బరువులు కూడా కట్టాను.

మొన్న వానకి రెండెకరాలు దున్నాను. లో ఫస్ట్, 1500, నాలుగు అంగుళాలు. ఒక్క కొమ్మ విరగలేదు. క్లచ్ విషయంలో రెండుసార్లు తప్పు చేశాను, రెండోసారి మాస్టారి గొంతు వినపడింది.

ఇక కల్టివేటర్. కొనాల్సిన పని లేకపోవచ్చు. నిన్న సాయంత్రం మా తోట అవతల పెదనాన్న వరసాయన చేలో గేటు తీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. గేటు కింది సగం తొమ్మిది కర్రుల చట్రం. ఎర్ర రంగు ఇంకా అక్కడక్కడా ఉంది, ఒక మూల వెల్డింగ్ అతుకు, అది తాతయ్య వేయించిందేనని అమ్మ గుర్తుపట్టింది. నాన్న తూకానికి అమ్మింది ఈయనకేనట. కర్రులు లేవు, చట్రం మాత్రం గట్టిగా ఉంది. అడిగితే ‘గేటు చేయించి ఇచ్చి పట్టుకుపోరా’ అన్నాడు. పన్నెండడుగుల గేటు. వెల్డింగ్ షాపువాడు ఎంత చెబుతాడో రేపు కనుక్కోవాలి. మాస్టారూ, పాత చట్రానికి ఇప్పటి కర్రుల క్లాంపులు పడతాయా? చట్రం కడ్డీ మందం కొలిచి రాస్తాను.