షుగర్ జబ్బు లేనివాళ్ళకు సీజీఎం ఎందుకు? చర్చ

గీతరేఖ (చర్చ మొదలుపెట్టినవారు)

సీజీఎం అంటే కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్, ఒంటికి అంటించుకుంటే రోజంతా గ్లూకోజ్‌ని కొలిచి ఫోన్లో గీతగా చూపించే సెన్సర్. 2024 మార్చిలో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డెక్స్‌కామ్ వాళ్ళ సీజీఎం స్టెలోకి, అదే ఏడాది జూన్‌లో అబాట్ వాళ్ళ లింగోకి డాక్టరు చీటీ లేకుండా అమ్ముకునే అనుమతి ఇచ్చింది. 18 ఏళ్ళు నిండి, ఇన్సులిన్ వాడనివాళ్ళు ఎవరైనా కొనుక్కోవచ్చు. 2025 జూన్‌లో అక్కడి ఆరోగ్య శాఖ మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ ఇంకో అడుగు ముందుకేసి, నాలుగేళ్ళలో ప్రతి అమెరికన్ ఒంటిమీదా ఏదో ఒక వేరబుల్ (ఆరోగ్యాన్ని కొలిచే, ఒంటికి తగిలించుకునే పరికరం) ఉండాలన్నారు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు సీజీఎం ఎంత మేలు చేసిందో అందరికీ తెలుసు, ఆ సంగతి ఇక్కడ వద్దు. జబ్బు లేని మనిషికి దానివల్ల ఒరిగేదేమిటి? నా మటుకు నేను లాభమే అంటాను. తిన్న గంటకు ఒంట్లో ఏం జరుగుతుందో కళ్ళారా కనపడితే, వంద సలహాలు చెయ్యలేని పని ఆ ఒక్క గీత చేస్తుంది. కాదనేవాళ్ళు కారణాలు చెప్పండి.

సెన్సర్‌మేస్త్రి

ముందు అది దేన్ని కొలుస్తుందో చూద్దాం. సీజీఎం రక్తాన్ని ముట్టుకోదు. చర్మం కింద దాదాపు అర సెంటీమీటరు లోతున ఉండే సన్నటి తీగ, కణాల మధ్య ద్రవంలో ఉన్న గ్లూకోజ్‌ని పసిగడుతుంది. ఆ తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పూత ఉంటుంది. అక్కడ జరిగే రసాయన చర్య వల్ల అతి చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ అంకెగా మారుస్తుంది. ఫోన్లో 112 అని కనపడిందంటే అది లెక్కగట్టిన 112.

తేడాలు ఎక్కడ వస్తాయంటే:

రక్తంలో మార్పు ఆ ద్రవంలోకి చేరడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా ఎక్కుతున్నా దిగుతున్నా ఈ ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి షుగర్ ఎటు పోతోందో యాప్‌లో చూపించే బాణం గుర్తు నిటారుగా ఉన్నప్పుడు వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో పోల్చి "సెన్సర్ తప్పు" అనడం అర్థం లేని పని.

పెట్టుకున్న మొదటి రోజు అంకెలు నిలకడగా ఉండవు. తీగ గుచ్చుకున్న చోట చిన్న గాయం, దాని చుట్టూ వాపు ఉంటాయి కదా.

సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడ ద్రవం కదలిక తగ్గుతుంది. అర్ధరాత్రి 60 అని చూపిస్తుంది, పక్కకు తిరిగిన కాసేపటికి 90కి వచ్చేస్తుంది. అది షుగర్ పడిపోవడం కాదు, సెన్సర్ నలగడం.

ఇక మందులు. విటమిన్ సి మాత్రలు రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే అబాట్ వాళ్ళ కొన్ని లిబ్రే సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. డెక్స్‌కామ్ పాత మోడళ్ళను పారాసెటమాల్ బాగా తికమకపెట్టేది. కొత్తవాటిలో ఆరు గంటలకు ఒక గ్రాము వరకూ ఫర్వాలేదు. హైడ్రాక్సీయూరియా (కొన్ని రక్తపు జబ్బులకు, కాన్సర్లకు ఇచ్చే మందు) వాడేవాళ్ళు డెక్స్‌కామ్ సెన్సర్ల జోలికే పోకూడదు.

వీటన్నిటికంటే పెద్ద సమస్య ఒకటుంది. మంచి సెన్సర్లలో కూడా సగటు తేడా 8, 9 శాతం దాకా ఉంటుంది. షుగర్ ఉన్న మనిషికి రోజులో 60 నుంచి 300 దాకా ఊగిసలాట ఉంటుంది కాబట్టి ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. ఆరోగ్యవంతుడి గీత రోజంతా 70, 140 మధ్యే తిరుగుతుంది. అంత చిన్న ఊపులో పది, పదిహేను అంకెల తేడా చూసి "ఇది తింటే పెరిగింది, అది తింటే పెరగలేదు" అని తేల్చడం ఎలా?

కొలిచిచూడు

మేస్త్రి గారు చెప్పినవన్నీ నిజాలే. కానీ వాటి నుంచి "వాడొద్దు" అని తేలదు, "పద్ధతిగా వాడండి" అని తేలుతుంది. ఒక్క సెన్సర్, 14 రోజులు, ఆ తర్వాత తీసెయ్యడం. నేను సూచించే వరస ఇది.

మొదటి రోజు లెక్కలు పక్కన పెట్టండి. రెండో రోజు బాణం అడ్డంగా ఉన్నప్పుడు, అంటే పరగడుపున ఒకసారి, తిన్న మూడు గంటలకు ఒకసారి, గ్లూకోమీటరుతో సరిచూడండి. సబ్బుతో చేతులు కడిగి ఆరబెట్టుకున్నాకే. వేలికి పండ్ల రసం అంటుకుని ఉంటే మీటరే అబద్ధం చెబుతుంది. సెన్సర్ ప్రతిసారీ 15 ఎక్కువ చూపిస్తోందంటే ఆ సెన్సర్ అంతే, అసలు అంకెను వదిలేసి తేడాలు మాత్రమే చూసుకోవాలి.

తర్వాతి మూడు రోజులు ఏమీ మార్చకుండా మామూలుగా తినండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. సెన్సర్ పెట్టుకోగానే భయంతో తిండి తగ్గించేస్తారు, ఇక పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆపైన ఒకే భోజనాన్ని కనీసం మూడుసార్లు, అదే వేళకు, అదే పరిమాణంలో తిని చూడండి. మొదలైన అంకె, ఎక్కిన శిఖరం, మళ్ళీ మొదటికి రావడానికి పట్టిన సమయం, ఈ మూడూ రాసుకోండి. ఆ తర్వాత ఒక్కటే మార్చండి. తిన్న పావుగంటలోపు పదిహేను నిమిషాల నడక, లేదా ముందు కూర, ప్రొటీను తిని పిండిపదార్థం చివర్లో తినడం, లేదా పరిమాణం మూడో వంతు తగ్గించడం. రెండు కలిపి మార్చితే దేనివల్ల తగ్గిందో తెలియదు. నిద్ర సరిగా లేని మర్నాటి లెక్కలు కొట్టేయండి.

10 అంకెల తేడా పట్టించుకోవద్దు. మూడుసార్లూ 30కి తగ్గకుండా తేడా వస్తే అది సెన్సర్ పొరపాటు కాకపోవచ్చు.

రెండోమాట

మూడుసార్లు సరిపోతుందనుకోవడం ఆశే. ఒకే మనిషికి రెండు కంపెనీల సెన్సర్లు ఒకేసారి పెట్టి చూసిన అధ్యయనంలో, ఏ భోజనం ఎక్కువ పెంచింది, ఏది తక్కువ అన్న వరస రెండిట్లోనూ కలవలేదు. అచ్చంగా అదే భోజనం కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ పెడితే అదే మనిషిలో స్పందన మారిపోతోందని మరో పరిశోధన తేల్చింది. అదీ తిండిని తూచి పెట్టి, మనుషుల్ని ఆస్పత్రిలో ఉంచి చేసినది. ఇంట్లో మనం చేసేది దానికంటే నికరమైనదా?

కొలిచిచూడు

2015లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థ 800 మందితో చేసిన పని కూడా ఉంది కదండీ. ఒకే తిండికి మనిషికీ మనిషికీ స్పందన బాగా వేరుగా వచ్చింది. ఏ తిండి షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే పుస్తకంలోని గ్లైసీమిక్ పట్టిక అందరికీ వర్తించదని అర్థం. ఒక్కో తిండికి మార్కులు వెయ్యాలని నేను అనలేదు. నడక, పరిమాణం, తినే వరస, ఈ మూడిటి ప్రభావం పెద్దది కాబట్టి సెన్సర్ చిన్న చిన్న పొరపాట్ల రొదలోనూ కనపడుతుంది. అంతవరకే.

స్టెతస్కోపు

యాప్ తెరిచి "డాక్టరుగారూ, నాకు 165 వచ్చింది, షుగర్ వచ్చేసినట్టేనా" అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

జబ్బు లేని 153 మందికి సీజీఎం పెట్టి 2019లో ప్రచురించిన అధ్యయనంలో రోజు సగటు 99 దగ్గర ఉంది. సమయంలో 96 శాతం 70, 140 మధ్యే గడిచింది. రోజుకు ఓ అరగంట 140 దాటడం వాళ్ళలో మామూలే. అంటే పెద్ద భోజనం తర్వాత కాసేపు 160 కనపడటం జబ్బు కాదు. గట్టిగా వ్యాయామం చేసినప్పుడు అడ్రినలిన్ వల్ల లివరు గ్లూకోజ్‌ని వదులుతుంది, గీత పైకి లేస్తుంది. అదీ జబ్బు కాదు, వ్యాయామం మానెయ్యాల్సిన పనీ లేదు.

జబ్బు తేల్చే పరీక్షలు వేరు. పరగడుపున 126 లేదా పైన, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 లేదా పైన, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా పైన. లక్షణాలు లేకపోతే ఒక్కసారి వచ్చిన ఫలితంతో ముద్ర వెయ్యం, మళ్ళీ చేస్తాం. ఈ జాబితాలో సీజీఎం లేదు.

హెచ్‌బీఏ1సీ కూడా అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఎర్రకణాలు తొందరగా చితికిపోయే జబ్బుల్లో, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో తక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు పరగడుపు పరీక్ష, గ్లూకోజ్ తాగించే పరీక్షలే దిక్కు.

సీజీఎం చేసే ఒక చిత్రమైన హాని ఇక్కడే ఉంది. గీతకు భయపడి కొన్ని వారాలు పిండిపదార్థాలు బాగా తగ్గించేసిన మనిషి నేరుగా వచ్చి 75 గ్రాముల గ్లూకోజ్ తాగితే, అలవాటు తప్పిన శరీరం దాన్ని సర్దుకోలేక అంకె ఎగబాకుతుంది. లేని జబ్బు ఉన్నట్టు కాగితం మీదకు వస్తుంది. పరీక్షకు ముందు మూడు రోజులు కనీసం రోజుకు 150 గ్రాముల పిండిపదార్థం తినాలి. ముందు రాత్రి నుంచి ఎనిమిది గంటలకు తగ్గకుండా ఉపవాసం. 250, 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపిన గ్లూకోజ్‌ని ఐదు నిమిషాల్లో తాగెయ్యాలి. ఆ రెండు గంటలూ నడవకూడదు, సిగరెట్ కాల్చకూడదు.

తక్కువ అంకెల సంగతీ అంతే. వణుకు, చెమట లాంటి లక్షణాలు ఉండాలి, ఆ సమయంలోనే రక్తంలో 55 కంటే తక్కువ ఉండాలి, గ్లూకోజ్ ఇవ్వగానే తగ్గాలి. మూడూ కలిస్తేనే అసలు హైపోగ్లైసీమియా, అంటే నిజంగా షుగర్ పడిపోవడం.

రెండోమాట

గ్లూకోజ్ ఒక్కటే చూసే కన్ను మిగతా వాటికి గుడ్డిది, దాన్నీ చెప్పండి. పిండిపదార్థం తీసేసి ఆ స్థానంలో వెన్న, కొవ్వు మాంసం పెడితే గీత చదునుగా ఉంటుంది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరగడం ఏ యాప్‌లోనూ కనపడదు. పండ్లలో, పంచదారలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర గ్లూకోజ్‌ని పెద్దగా పెంచదు, కాబట్టి అది ఎక్కువ తిన్నా గీతకు తెలియదు. ఇక మద్యం లివరు కొత్త గ్లూకోజ్ తయారుచెయ్యడాన్ని అడ్డుకుంటుంది కాబట్టి తాగిన రాత్రి గీత తగ్గే అవకాశమే ఎక్కువ. యాప్ భలే మార్కులు వేస్తుంది ఆ రాత్రికి.

గీతరేఖ

ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ బీపీ మెషీను కొలెస్ట్రాల్ చూపించదని దాన్ని పారెయ్యం కదా. ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) అని తేలినవాళ్ళకైనా, అంటే హెచ్‌బీఏ1సీ 5.7, 6.4 మధ్య ఉన్నవాళ్ళకు, ప్రభుత్వం సెన్సర్లు ఇవ్వకూడదా?

లెక్కలపద్దు

ప్రజల సొమ్ముతో అందరికీ ఒక పరీక్ష పెట్టాలంటే ఏం చూడాలో 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిపెట్టారు. అందులో ఒకటి: ఫలితం వచ్చాక ఎవరికి చికిత్స చెయ్యాలో ముందే ఒప్పుకున్న నియమం ఉండాలి. సీజీఎంకి ఆరోగ్యవంతుల్లో ఆ నియమమే లేదు. 140 పైన ఎన్ని నిమిషాలు గడిస్తే ఏం చెయ్యాలి? తలా ఒకటి చెబుతారు.

ప్రీడయాబెటిస్ విషయంలో రుజువైన దారి ఇంకోటి ఉంది. 2002లో అమెరికాలో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల్లో, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. సెన్సర్ లేకుండానే. అక్కడ పనిచేసింది వారం వారం పలకరించి, దారిలో పెట్టే మనిషి. బడ్జెట్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ మనిషికి జీతం ఇవ్వాలా, 15 రోజులకు చెత్తబుట్టలో పడే ప్లాస్టిక్ కొనాలా అంటే నేను మొదటిదానికే ఓటు వేస్తాను. సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళను ఆపమని మాత్రం అనను.

కొలిచిచూడు

ఆ పలకరించే మనిషి చేతిలో రెండు వారాల గీత ఉంటే? రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎందుకు? ఏడాదికి ఒక్క సెన్సర్, ఆ మనిషి సమక్షంలో.

లెక్కలపద్దు

అలా కలిపి పరీక్షించి, మనిషి ఒక్కడితో వచ్చిన 58 కంటే మెరుగని చూపిస్తే అప్పుడు ఇవ్వొచ్చు. ముందే కాదు.

తాళంచెవి

డేటా మాట ఎవరూ ఎత్తలేదు. ఐదు నిమిషాలకో గ్లూకోజ్ అంకె అంటే మీరు ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు కదిలారో, కొంతవరకు ఎప్పుడు జబ్బుపడ్డారో కూడా ఊహించవచ్చు. అమెరికాలో ఆరోగ్య సమాచారాన్ని కాపాడే హిపా చట్టం ఆస్పత్రులకు, బీమా సంస్థలకు వర్తిస్తుంది. మీరు నేరుగా కొనుక్కున్న యాప్ చాలావరకు దాని పరిధిలోకి రాదు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక కోవలో పెట్టి, సాధారణంగా స్పష్టమైన అనుమతి అడగమంటుంది.

వాడదలుచుకుంటే విడిగా ఒక ఈమెయిల్ తెరిచి దానితో నమోదు చేసుకోండి. "పరిశోధనకు పంచుకోవడం", "భాగస్వాములతో పంచుకోవడం" లాంటి మీటలు వెతికి ఆపెయ్యండి. 15 రోజులు అయ్యాక డేటా ఫైలు దింపుకుని, ఆ తర్వాత ఖాతానే తొలగించండి. ఫోన్లోంచి యాప్ తీసేస్తే సర్వర్లో ఉన్నది పోదు.

కొత్తసభ్యుడు

తీగ గుచ్చకుండా చేతి గడియారంతో, ఉంగరంతో షుగర్ చూపించేవి అమ్ముతున్నారు కదా, వాటితో సరిపెట్టుకోవచ్చా?

సెన్సర్‌మేస్త్రి

వద్దు. చర్మం గుచ్చకుండా తమంతట తాము గ్లూకోజ్ కొలిచే గడియారాన్ని గానీ ఉంగరాన్ని గానీ తాము అనుమతించలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. అసలు సెన్సర్ నుంచి వచ్చిన అంకెను తెరమీద చూపించే గడియారాలు వేరు, వాటితో ఇబ్బంది లేదు.

ఎలాగూ అడిగారు కాబట్టి ఇంకో రెండు. సెన్సర్ కింద చర్మం ఎర్రబడి దురదపెట్టి, తీసేశాక కూడా రోజుల తరబడి తగ్గకపోతే అది జిగురులోని రసాయనానికి అలర్జీ కావచ్చు. కొన్ని సెన్సర్లలో వాడిన ఐసోబార్నైల్ ఆక్రిలేట్ ఇలాగే పట్టుబడింది. ఇంకో సెన్సర్ అదే చోట అంటించకుండా చర్మం డాక్టరుకు చూపించండి. ఎమ్మారై ఉంటే మీ మోడల్ మాన్యువల్‌లో సరే అని రాసి ఉంటే తప్ప ముందే తీసెయ్యాలి. పెట్టుకునే పరికరంలో సూది లోపలే ఉండిపోతుంది, దాన్ని మామూలు చెత్తలో వేస్తే ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి సూదుల చెత్త తీసుకునే చోట ఇవ్వండి. సెన్సర్లో బ్యాటరీ ఉంటుంది, కాల్చొద్దు.