అప్‌డేట్: రెండు దేశాల్లో ఒకే మోడల్, రెండు జవాబులు (సమస్య తీరింది)

ఇంతకుముందు ఈ సమస్య గురించి ఇక్కడ అడిగింది నేనే. కార్బన్ ఫైబర్ ప్లేట్ కంప్యూటర్ మోడల్‌ని మేమూ, విదేశంలోని భాగస్వామి బృందమూ విడివిడిగా రన్ చేస్తే వంపు 11 శాతం తేడా వస్తోందని రాశాను. కారణం దొరికింది. సాయం చేసిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

మెష్ (ప్లేట్‌ని చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టే తీరు), కంపైలర్ వెర్షన్, యూనిట్లు... వీటి మీద మూడు వారాలు పోయాయి. వేటికీ సంబంధం లేదు.

పని చేసిన సలహా: "ఒక్క ఎలిమెంట్ తీసుకుని ఒక్కో దిశలో షియర్ (పక్కకి జరిపే బలం) ఇచ్చి చూడండి." చూశాం. (1 అంటే ఫైబర్ వెంట, 2 దానికి అడ్డంగా, 3 మందం దిశ.) 13 దిశలో ఇద్దరికీ ఒకటే జవాబు. 12 దిశలో మాత్రం షియర్ మాడ్యులస్ (షియర్‌కి మెటీరియల్ ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే విలువ) వాళ్లకి 5 గిగాపాస్కల్, మాకు 3. ఆ 3 ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. అది మేమిచ్చిన జీ23, అంటే 23 దిశ షియర్ మాడ్యులస్ విలువ!

వాళ్లు పంపిన మెటీరియల్ మ్యాట్రిక్స్ (మెటీరియల్ గట్టిదనం విలువల పట్టిక) వోయిట్ వరుసలో, అంటే పుస్తకాల్లో మామూలుగా కనిపించే వరుసలో ఉంది: 11, 22, 33, 23, 13, 12. మేం వాడే సాఫ్ట్‌వేర్ అబాకస్ తీసుకునేది 11, 22, 33, 12, 13, 23. మేం మార్చకుండా అలాగే యూమ్యాట్‌లో (అబాకస్‌కి మెటీరియల్ గురించి చెప్పడానికి మనం రాసుకునే కోడ్) పెట్టేశాం. నాలుగో స్థానం, ఆరో స్థానం తారుమారయ్యాయి.

ముందే ఎందుకు పట్టుకోలేదంటే, మా మొదటి టెస్ట్ స్టీలుతో చేశాం. స్టీలు లాంటి ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లో ఒకేలా ఉండే) మెటీరియల్‌కి మూడు షియర్ మాడ్యులస్‌లూ ఒకటే కాబట్టి వరుస తప్పినా జవాబు సరిగ్గానే వస్తుంది. టెస్ట్‌కి ఆర్థోట్రోపిక్ (మూడు దిశల్లో మూడు రకాలుగా ఉండే) మెటీరియలే తీసుకోండి, అదీ మూడు షియర్ విలువలూ వేర్వేరుగా ఉండేలా.

సరిచేశాక తేడా 0.2 శాతం లోపే. ఇప్పుడు ఇద్దరం పంపే ప్రతి ఫైల్ మొదటి లైన్‌లో ఆ వరుస రాస్తున్నాం.