‘గల్లంతు’ అంటే 1949లో అర్థం ఏమిటి?

శ్రీకాకుళం నుంచి అడుగుతున్నాను. మా నాయనమ్మ అన్న 1949లో నరసన్నపేట వైపు ఒక సంతకి ఎడ్లు తోలుకెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. మనిషీ లేడు, ఎడ్లూ లేవు. ఇంట్లో ఇప్పటికీ "గల్లంతైపోనాడు" అంటారు. పోలీసు కాగితం ఏదీ మా దగ్గర లేదు. అందుకే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లి రెండు రోజులు పాత పత్రికలు తిరగేశాను. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న కదా, అంతకుముందు వార్తలు విశాఖపట్నం జిల్లా కింద వెతకాలని రెండో రోజు మధ్యాహ్నానికి గాని నా బుర్రకు తట్టలేదు.

ఇప్పటి పేపర్లో ‘గల్లంతు’ అంటే వేటకెళ్లిన పడవ, వాగులో కొట్టుకుపోయిన మనిషి, లేదా జాబితాలో కనబడని ఓటు. ఇంట్లోంచి వెళ్లినవాడు రాకపోతే ‘అదృశ్యం’ అని రాస్తారు. అప్పుడూ ఇదే తేడా ఉండేదా?

జవాబు (విజయనగరం): వార్తల్లో కాదు బావూ, ప్రకటనల్లో చూడండి. ‘కనబడుట లేదు’ అని పైన వేసి, ఒంటి రంగు, కట్టుకున్న బట్ట, ఆచూకీ తెలిపినవారికి బహుమానం. కాకపోతే వాటికి డబ్బు కట్టాలి. ఎడ్లు తోలుకునే ఇంట్లో అంత డబ్బు ఉండేదా అన్నది వేరే మాట.

జవాబు: రంగం (బర్మాలోని రంగూన్) ఎల్పోయి ఉంటాడేమో. మా వైపు మనిషి కనబడకపోతే ముందు అదే అనేవారు.

జవాబు: రంగూన్ ప్రయాణాలు 1942 ముందు మాట. జపాను సేనలు వచ్చాక అక్కడున్న మనవాళ్లే కాలినడకన తిరిగొచ్చారు. 1949లో ఎడ్లతో సహా రంగం ఎలా వెళ్తాడండీ! దానికన్నా 1956 తర్వాతి కోర్టు నోటీసులు చూడండి. ఏడేళ్లు మనిషి కబురు తెలియకపోతే, బతికే ఉన్నాడనేవాళ్లే రుజువు చేయాలని అప్పటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్. భూమి పంపకం దాకా వస్తే దావా పడి ఉండొచ్చు.

జవాబు (విజయనగరం): మాస్టారూ, అసలు సంగతి వదిలేస్తున్నాం. గల్లంతుకి పాత అర్థం గోల, గందరగోళం. మా అమ్మమ్మ పెళ్లి పందిట్లో అరుపులు వినబడితే "ఏటా గల్లంతు?" అనేది. మనిషి మాయమవడం అన్నది ఆ మాటకి తర్వాత అంటుకున్నట్టుంది. మీ నాయనమ్మగారిని ఆ మాట లేకుండా కథంతా చెప్పమనండి.

అడిగినవాడి జవాబు: ఇందాకే అడిగాను. ఆవిడకి అప్పుడు పదేళ్లు. ఆ మాట లేకుండా చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "సంతలో పేద్ద గల్లంతైపోనాది. జనం ఇటూ అటూ పరుగులెట్టీసినారు. ఆ గల్లంతులో మా అన్న మరి అగుపడనేదు."

ఇన్నాళ్లూ నేను తప్పిపోయిన మనిషి కోసం వెతికాను. పేపర్లో మనిషి పేరు ఉండకపోవచ్చు గాని, సంతలో గొడవైతే రెండు ముక్కలైనా రాసి ఉంటారు. అది సంక్రాంతి ముందు సంత అని నాయనమ్మ అంటోంది. జనవరి సంపుటం మళ్లీ తీయించాలి, ఈసారి విశాఖపట్నం జిల్లా వార్తలతో మొదలుపెట్టి.