అప్‌డేట్: లైట్లన్నీ ఆపినా మీటర్ తిరుగుతోందన్న సమస్య తీరింది

ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపినా మీటర్ ఎర్ర లైటు మెరుస్తూనే ఉందని, బిల్లు తగ్గట్లేదని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఎమ్‌సీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటిగా దించి చూడమన్న సలహాయే పనిచేసింది. ఇన్వర్టర్‌ది దించగానే మెరుపు దాదాపు ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఐదేళ్ల బ్యాటరీ పాడైపోయి, ఎంతకీ ఫుల్ కాక రాత్రింబవళ్లు ఛార్జింగ్ లాగుతోంది. చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంది, పిల్లలు తిరిగే చోటు కదా, భయమేసింది. ఆగకుండా నూరు వాట్లు లాగినా రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. కొత్త బ్యాటరీ వేయించాం. ఈ నెల బిల్లు బాగా తగ్గింది.

ఎర్తింగ్, మీటర్ లోపం కాదు. ఫోన్ ఛార్జర్లు తీసేసినా తేడా కనిపించలేదు. సెట్‌టాప్ బాక్స్ మాత్రం రాత్రి గోడ మీది స్విచ్ దగ్గరే ఆపేస్తున్నాం.