మంచం నిండా నల్లులు, స్ప్రే కొట్టినా పోవట్లేదు. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో, మద్దిలపాలెం దగ్గర అద్దెకుంటున్నాం. నెల రోజులుగా పాప చేతి మీద వరసగా మూడేసి, నాలుగేసి దద్దుర్లు. దోమలే అనుకున్నాను. మొన్న రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేసి చూస్తే పరుపు కుట్టు వెంట సిరా చుక్కల్లా నల్లటి మచ్చలు, పక్కనే రక్తం తాగి ఉబ్బిన నల్లి! నలిపితే ఒకటే కంపు. చిన్నప్పుడు సినిమా హాలు కుర్చీల్లో తెలిసిన వాసనే.

మా అమ్మమ్మ అయితే మంచాన్ని వాకిట్లో పడేసి దాని కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసేది. మాది మూడో అంతస్తు, ఈ బాక్సు మంచం గుమ్మం కూడా దాటదు. దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికాను. కొట్లో ఇచ్చిన స్ప్రే కొడితే మూడు రోజులు కనబడలేదు, మళ్లీ మొదలు. మామూలు మందులకి చాలావరకు తట్టుకుంటున్నాయట. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయట, కాబట్టి తాళం వేసి ఊరెళ్లినా దండగే.

పెస్ట్ కంట్రోల్ అతను ఒక్కసారి కొడితే చాలంటున్నాడు. గుడ్లు పిల్లలవడానికే వారం, పది రోజులు పడుతుంది కదా, రెండోసారి కొట్టకపోతే ఎలా? మీకెవరికైనా ఒక్కసారికే పోయాయా? ఆవిరి మెషిన్ వాడినవాళ్లు ఉంటే, పరుపు తడిసి బూజు పట్టలేదా? అసలే మన ఊరి ఉక్కపోత.

ఓనరు గారేమో "మీరే తెచ్చుకున్నారు" అంటున్నారు. ఆ గొడవ తర్వాత చూసుకుంటాను. వచ్చే వారం శ్రీకాకుళంలో అత్తగారింటికి వెళ్లాలి. బ్యాగులో వీటిని మోసుకెళ్తానేమోనని టెన్షన్. బట్టలు ఎలా సర్దుకోమంటారు?